పంపు పెంచితే పెరిగేది పొగే

పాత పికప్ ట్రక్కు లోడుతో ఘాట్ ఎక్కలేకపోతే మన షెడ్లలో వినిపించే వైద్యం ఒకటే. "పంపు కాస్త పెంచుదాం అన్నా, అప్పుడు చూడు ఎట్లా లాగుతుందో." డీజిల్ పంపు మీద ఉన్న సీలు తీగ తెంపుతారు. ఫుల్‌లోడ్ స్క్రూను పావు చుట్టో అర చుట్టో తిప్పి లాక్ నట్ బిగిస్తారు. యాక్సిలరేటర్ తొక్కగానే సైలెన్సర్ నుంచి నల్లటి పొగ ఎగజిమ్ముతుంది, ఇంజిన్ గొంతు బొంగురుపోతుంది. ఓనరు సంతోషిస్తాడు, మెకానిక్ డబ్బులు తీసుకుంటాడు. పాడేరు ఘాట్ కింద అయినా, శ్రీశైలం దారిలో దోర్నాల దగ్గరైనా, విజయవాడ ఆటోనగర్ సందుల్లో అయినా ఈ నమ్మకానికి ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. ఇది తప్పుడు నమ్మకం. బీద ఓనర్ల ఇంజిన్లను తినేస్తున్న నమ్మకం కూడా.

ముందు బండ్ల సంగతి. ఇక్కడ మాట్లాడుతున్నది టర్బో లేని పాత నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్‌ల గురించే. 1988లో వచ్చిన టాటామొబైల్‌లో ఉన్నది 1948 సీసీ ఇంజిన్. తర్వాత ఊరూరా తిరిగిన టాటా 207 డీఐలో 2956 సీసీ ఇంజిన్, అంటే సిలిండర్ వ్యాసం 97 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 100 మిల్లీమీటర్లు. మహీంద్రా పాత పికప్‌లలోని 2523 సీసీ డీఐ ఇంజిన్‌లో వ్యాసం 88.9, నడక 101.6 మిల్లీమీటర్లు. మూడింటిలోనూ వ్యాసం కన్నా నడకే పొడవు. పరుగు కోసం కాదు, బరువు లాగడం కోసం పుట్టిన ఇంజిన్లు ఇవి. కొత్తగా ఉన్నప్పుడు లోడు లాగిన బండి ఇప్పుడు లాగకపోతే, కంపెనీ ఇచ్చిన బలంలో కొంత ఎక్కడో పోయిందన్నమాట. అది ఎక్కడ పోయిందో వెతకాలి. మనం ఆ పని చేయకుండా డీజిల్ పోస్తున్నాం.

ఎంత పోయగలం? డీజిల్ ఇంజిన్‌లో బలానికి హద్దు గీసేది గాలి. 207 ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు 739 సీసీ జాగా ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో అందులో 85 శాతం నిండిందనుకుందాం. మన ఎండల్లో ఆ గాలి బరువు సుమారు 0.72 గ్రాములు. పొగ రాకుండా డీజిల్ కాలాలంటే, టర్బో లేని ఇంజిన్‌లో డీజిల్‌కు దాదాపు ఇరవై రెట్లు గాలి ఉండాలి. కాగితం మీద లెక్కకు పద్నాలుగున్నర రెట్లే చాలు. కానీ నాజిల్ చల్లిన తుంపరకు గాలితో కలిసేందుకు దొరికేది రెప్పపాటు కన్నా తక్కువ సమయం, అందుకే మిగులు గాలి తప్పనిసరి. కాబట్టి ఒక్కో చిమ్ముకు 36 మిల్లీగ్రాముల డీజిల్ దగ్గర హద్దు వచ్చేస్తుంది. స్క్రూ తిప్పి దాన్ని 42 చేశారనుకోండి. గాలి మాత్రం అదే 0.72 గ్రాములు. అదనపు 6 మిల్లీగ్రాముల్లో కొంత కాలుతుంది, కొంత సగం కాలి మసి అవుతుంది. కాలేది కూడా ఆలస్యంగా, పిస్టన్ సగం దూరం దిగిపోయాక కాలుతుంది. అప్పుడు అది పిస్టన్‌ను నెట్టే బలం తక్కువ, ఎగ్జాస్టులోకి పోయే వేడి ఎక్కువ. పైపు చివర కనిపించే నలుపు మనం బంకులో డబ్బు కట్టి కొన్న డీజిలే.

ఘాట్ మీద ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత తొమ్మిది శాతం దాకా తగ్గుతుంది. కింద మైదానంలో పంపు పెంచి, ఖాళీ బండితో రోడ్డు మీద పరీక్ష చేసి "బాగుంది" అనిపించుకున్న ఇంజిన్, అసలు బలం కావాల్సిన పై మలుపుల దగ్గరికి చేరేసరికి అక్కడ గాలే తక్కువ. పంపుకు ఆ విషయం తెలియదు. కింద పోసినంతే పైనా పోస్తుంది. లోడుతో ఘాట్ ఎక్కే పాత బళ్లు పైకి వెళ్లేకొద్దీ చిక్కటి పొగ వదిలేది అందుకే.

"పంపు పెంచాక బండి మారిపోయింది, మా కళ్లతో చూశాం" అని గట్టిగా చెప్పేవాళ్లు చాలామంది. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. రెండు వేల ఆర్‌పీఎం పైన, సమతల రోడ్డు మీద, పంపు అంతకుముందు తక్కువ డీజిల్ ఇస్తూ ఉంటే, పెంచిన తర్వాత తేడా నిజంగానే తెలుస్తుంది. కానీ వాళ్లు షెడ్డుకు వచ్చింది టాప్ గేర్‌లో పరుగు కోసం కాదు. నిలిచిన చోటు నుంచి లోడుతో కదలడానికి, వంపు దగ్గర వేగం చచ్చాక సెకండ్ గేర్‌లో మళ్లీ అందుకోవడానికి వచ్చారు. ఆ చోట పంపు స్క్రూ ఎందుకు పనికిరాదో తెలియాలంటే, పాత ఇంజిన్ ముందుగా తక్కువ వేగంలోనే ఎందుకు నీరసపడుతుందో తెలియాలి. వాదానికంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

సైకిల్ పంపులో వాషర్ అరిగిపోయినప్పుడు మెల్లగా నొక్కితే గాలి టైరులోకి పోదు, పక్క నుంచి వెనక్కి వచ్చేస్తుంది. అదే పంపును వేగంగా కొడితే టైరు నిండుతుంది. వాషర్ రెండుసార్లూ అదే. మెల్లగా నొక్కినప్పుడు గాలి తప్పించుకోవడానికి సమయం ఎక్కువ, అంతే తేడా. పాత డీజిల్ ఇంజిన్‌లో ఇదే సంగతి రెండు చోట్ల జరుగుతుంది.

మొదటిది సిలిండర్. రింగులు అరిగి, వాల్వు సీట్లు మాడి, టాపెట్లు బిగుసుకుపోయి ఉంటే, పిస్టన్ పైకి వస్తూ నొక్కుతున్న గాలి సందుల్లోంచి జారిపోతుంది. 3000 ఆర్‌పీఎం మీద ఆ గాలికి పారిపోయేంత వ్యవధి లేదు. 1100 దగ్గర దాదాపు మూడు రెట్లు సమయం దొరుకుతుంది. నొక్కిన గాలి వేడి కూడా ఆ సమయంలోనే సిలిండర్ గోడలకు పోతుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్గు లేదు, నొక్కిన గాలి వేడే డీజిల్‌ను అంటించాలి. ఆ వేడి తగ్గితే అంటుకోవడం ఆలస్యమవుతుంది, లాగుడు పోతుంది. కంప్రెషన్ దెబ్బతిన్న బండి టాప్ గేర్‌లో బాగానే నడుస్తూ, లోడుతో ఎత్తు మీద మాత్రం నిలబడిపోవడానికి కారణం ఇదే.

రెండోది డీజిల్ పంపు. దాని లోపల ఎలిమెంట్లు, అంటే ప్లంజరూ బ్యారెలూ, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని సందుతో ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఏళ్ల తరబడి నీళ్లు, దుమ్ము కలిసిన డీజిల్ వాటిని గీసేస్తుంది. నెమ్మదిగా తిరిగినప్పుడు నొక్కిన డీజిల్ ఆ గీతల్లోంచి వెనక్కి కారిపోతుంది, వేగంగా తిరిగినప్పుడు అంత కారదు. అంటే అరిగిన పంపు తక్కువ ఆర్‌పీఎంలో లోటుగా, ఎక్కువ ఆర్‌పీఎంలో దాదాపు సరిగ్గా ఇస్తుంది. ఇప్పుడు ఫుల్‌లోడ్ స్క్రూ తిప్పితే ఏమవుతుంది? ఆ స్క్రూ అన్ని వేగాల్లోనూ డీజిల్‌ను పెంచుతుంది. కింద లోటు ఉన్న చోట పెంచిన దాంట్లో కొంత మళ్లీ కారిపోతుంది. పైన లోటు లేని చోట పెంచినదంతా అదనం అవుతుంది. కిందిది పూడేసరికి పైన ఇంజిన్ ఉడికిపోతుంది. రోగం ఎలిమెంట్‌లో ఉంటే మందు స్క్రూకు వేస్తున్నారు.

ఆ మందు రోగాన్ని ఇంకా ముదురుస్తుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది నూనె పొరను కడిగేసి, కింద ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. రింగులు ఇంకా అరుగుతాయి. ఎగ్జాస్టు వేడికి వాల్వులు మాడతాయి, పిస్టన్ తలలు దెబ్బతింటాయి, హెడ్డులో పగుళ్లు వస్తాయి. కంప్రెషన్ పడిపోతుంది. కంప్రెషన్ పడితే ముందుగా పోయేది తక్కువ వేగంలో లాగుడే అని పైన చూశాం. కొన్నాళ్లకు ఓనరు మళ్లీ అదే షెడ్డుకు వస్తాడు, అదే ఫిర్యాదు చేస్తాడు, స్క్రూ ఇంకో పావు చుట్టు తిరుగుతుంది. చివరికి రీబోరు, క్రాంకు గ్రైండింగు. బండి మీద ఇంకా కిస్తీలు కడుతున్నవాడికి ఇది ఒక సీజను సంపాదన. దీన్ని వైద్యం అనడం నాకు చేతకాదు.

సైలెన్సర్ కోసెయ్యమనీ, ఎయిర్ ఫిల్టర్ పీకెయ్యమనీ చెప్పేవాళ్లకూ ఒక మాట. "ఇంజిన్ ఊపిరి ఆడటం లేదు" అనేది వాళ్ల వాదన. పైపులో గాలికి తగిలే అడ్డు, దాదాపుగా ప్రవాహ వేగం వర్గానికి అనుగుణంగా మారుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర సైలెన్సర్ ఎంత అడ్డుపడుతుందో 1500 దగ్గర అందులో నాలుగో వంతే అడ్డుపడుతుంది. మనకు బలం కావాల్సిన చోట అది తీసేసినా దక్కేది లేదు, ఊరికి వినిపించే మోత తప్ప. ఫిల్టర్ పీకితే అంతకన్నా చేటు. మన ఇసుక దారుల దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోయి రింగులనే గీస్తుంది. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే మార్చాలి, ఆయిల్ బాత్ రకమైతే కడిగి కొత్త నూనె పోయాలి. అంతకు మించి అక్కడ వెతకడానికి ఏమీ లేదు.

పాత ఇంజిన్‌కు బయటి టర్బో బిగించాలనే ఆశ మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. టర్బో కోసం రూపొందించిన ఇంజిన్‌లో పిస్టన్లు, కంప్రెషన్ నిష్పత్తి, పంపు సెట్టింగ్, నూనె సరఫరా అన్నీ వేరు. అవేవీ మార్చకుండా తగిలించిన టర్బో వెయ్యి, పన్నెండు వందల ఆర్‌పీఎం దగ్గర దాదాపు ఊదదు, ఊదే వేగానికి వచ్చేసరికి పాత హెడ్ గ్యాస్కెట్ తట్టుకోదు.

ఇంతమంది చూడని అసలు దొంగ ఒకటుంది. టైర్లు. ట్రక్కు ఎత్తుగా, దర్జాగా కనిపించాలని పెద్ద సైజు ఎక్కిస్తారు. 215/75 ఆర్15 టైరు వ్యాసం 703 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 235/75 ఆర్15 వేస్తే వ్యాసం 733 అవుతుంది. 30 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ చక్రం పెద్దదయ్యేకొద్దీ నేల మీద పడే లాగుడు అదే నిష్పత్తిలో తగ్గుతుంది, ఇక్కడ నాలుగు శాతం పైన. ఇంకా పెద్ద 7.50-16 టైర్లు ఎక్కించిన బళ్లలో నష్టం ఇంకా ఎక్కువ. స్క్రూ తిప్పి సంపాదించామనుకున్నది టైర్ల దగ్గరే పోతోంది. కంపెనీ చెప్పిన సైజుకు తిరిగి వస్తే, ఇంజిన్ మీద చెయ్యి వెయ్యకుండానే, ప్రతి గేర్‌లోనూ, ప్రతి ఆర్‌పీఎంలోనూ ఆ నాలుగు శాతం చేతికొస్తుంది. పొగ రాదు, పర్మిషన్ అక్కర్లేదు.

లోడు సంగతీ ఇక్కడే తేల్చాలి. మొత్తం మూడు టన్నుల బండి పదికి ఒకటి ఎత్తున్న వాలు ఎక్కాలంటే, వాలు కోసమే దాదాపు 300 కిలోల లాగుడు కావాలి, టైర్ల దొర్లుడుకు ఇంకో 45 కిలోల వరకు. కమాన్ పట్టీలు అదనంగా వేసి, బాడీ పొడిగించి, అర టన్ను ఎక్కువ ఎక్కించారనుకోండి. కావాల్సిన లాగుడు ఆరో వంతు పెరుగుతుంది. పైన చూసిన గాలి లెక్క ప్రకారం ఏ స్క్రూ కూడా పొగ లేకుండా ఆరో వంతు బలం ఇవ్వలేదు. ఇంజిన్ మీద పెట్టుకున్న ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు వేబ్రిడ్జి చీటీలోనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉందన్నది వేరే సంగతి.

అయితే నిజంగానే కొండ దారుల మీదే బతుకు అయినవాడికి, ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నా చాలదనిపిస్తే, దారి లేదా? ఉంది. అది వెనక హౌసింగ్‌లో ఉంది. ఇంజిన్ బలం చక్రానికి చేరే ముందు గేర్‌బాక్సులో ఒకసారి, క్రౌను పినియన్ దగ్గర ఇంకోసారి గుణింపు అవుతుంది. క్రౌనుకు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే నిష్పత్తి 4.1. దాని బదులు 39, 8 జత వేస్తే 4.875. చక్రం దగ్గర లాగుడు 19 శాతం పెరుగుతుంది. చుక్క డీజిల్ అదనంగా పోయకుండా, పిస్టన్ మీద ఒక్క డిగ్రీ వేడి పెంచకుండా ఇంత లాభం ఇచ్చే మార్పు ఇంజిన్‌లో ఎక్కడా లేదు. దీనికి మూల్యం పరుగులో చెల్లించాలి. ముందు గంటకు 80 కిలోమీటర్లు వెళ్లిన ఆర్‌పీఎం మీద ఇప్పుడు 67 మాత్రమే వెళుతుంది. గేర్‌బాక్సు నుంచి కేబుల్ పోయే బళ్లలో స్పీడోమీటర్ కూడా తప్పు చూపిస్తుంది, దాన్ని సరిచేయించాలి. హైవే మీద విజయవాడ, హైదరాబాద్ తిరిగేవాడు ఈ పని చేయకూడదు. రోజూ ఏజెన్సీ సంతలకు సరుకు ఎక్కించేవాడికి మాత్రం ఇదే సరైన పని. అదే మోడల్‌లో కంపెనీయే ఇచ్చిన నిష్పత్తి అయి ఉండాలి, ఆర్టీఏ ఆఫీసులో ముందే అడిగి చేయించాలి. అనుమతి లేని మార్పులకు చట్టం 52వ సెక్షన్ అడ్డు చెబుతుంది. 2019లో సవరించిన 182ఏ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పంపు పెంచిన బండి పొల్యూషన్ పరీక్షలోనూ ఇరుక్కుంటుంది. బీఎస్-4కు ముందటి డీజిల్ బళ్లకు పొగ హద్దు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు. ఆ పరీక్ష రోజున స్క్రూ తగ్గించి, సర్టిఫికెట్ చేతికి రాగానే మళ్లీ పెంచుకునే అలవాటు గురించి అందరికీ తెలుసు. కానీ డీజిల్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ పొగను రోజంతా పీల్చేది క్లీనరు కుర్రాడూ, వెనక బస్తాల మీద కూర్చున్న కూలీలూ.

డ్రైవింగ్ గురించి కూడా చెప్పాలి. మూడో గేర్‌లో వెయ్యి ఆర్‌పీఎం దాకా పడిపోయి, ఇంజిన్ వణుకుతుంటే యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి పట్టుకోవడం మన దగ్గర నైపుణ్యంగా చెలామణి అవుతోంది. గేర్ తగ్గించడం పరువు తక్కువ అన్నట్టు. వంపుకు ముందే రెండో గేర్‌కు వచ్చి 1800, 2000 దగ్గర నిలబెడితే, సెకనుకు ఇంజిన్ పీల్చే గాలి దాదాపు రెట్టింపవుతుంది, చక్రానికి చేరే లాగుడూ పెరుగుతుంది, పొగ పలచబడుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మరి షెడ్డులో ఏం చేయాలి? స్క్రూ జోలికి వెళ్లే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, అన్నీ చవకైనవే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పంపు మీది లివర్ చివరిదాకా వెళ్తోందా? కేబుల్ సాగి లివర్ సగంలోనే ఆగిపోవడం పాత బళ్లలో మామూలే, దాన్ని బిగించడం కాసేపటి పని. డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఎక్కడైనా గాలి పీలుస్తోందా? క్లచ్ జారుతోందా? బండిని చేత్తో తోస్తే కదులుతోందా, లేక బ్రేకులు పట్టేసుకుని ఉన్నాయా? ఆ తర్వాత టాపెట్లు, ఇంజిన్ కంపెనీ చెప్పిన సందుకే. తర్వాత పంపు టైమింగ్. అరిగిన డ్రైవ్ వల్ల డీజిల్ రెండు మూడు డిగ్రీలు ఆలస్యంగా పడినా తక్కువ వేగంలో బలం చచ్చిపోతుంది, దాన్ని చాలామంది "పంపు తగ్గింది" అనుకుంటారు. తర్వాత నాజిళ్లను పరీక్ష పంపు మీద చూడాలి. అవి తుంపర చల్లుతున్నాయా, ధార కారుస్తున్నాయా? ఇవన్నీ బాగుండి ఇంకా లాగకపోతే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. ఒకటి పడిపోయి ఉంటే పంపును ఎంత పెంచినా ఆ సిలిండర్ పని చేయదు, మిగిలిన మూడూ దాని బరువు మోసి అలసిపోతాయి.

పంపు విప్పాల్సిన అవసరమే వస్తే, అది రోడ్డు పక్క స్పానరుతో చేసే పని కాదు. కాలిబ్రేషన్ బెంచ్ ఉన్న చోటికే పంపించాలి. అక్కడ పంపును వేర్వేరు వేగాల మీద తిప్పి, ఒక్కో లైను ఎంత డీజిల్ ఇస్తోందో గాజు గొట్టాల్లో కొలుస్తారు, కంపెనీ పట్టికతో పోలుస్తారు. ఓనరు అడగాల్సింది ఫుల్ స్పీడు కొలత ఒక్కటే కాదు. తక్కువ ఆర్‌పీఎం దగ్గర నాలుగు లైన్ల కొలతా కాగితం మీద రాసిమ్మనాలి. కింద లోటు, పైన సరిగ్గా ఉంటే ఎలిమెంట్లూ డెలివరీ వాల్వులూ మార్చమనాలి. మార్చాక మళ్లీ కొలిపించి, ఆ రెండో కాగితం తీసుకుని, పంపుకు కొత్త సీలు వేయించి, అప్పుడే డబ్బు కట్టాలి. కాగితం ఇవ్వం అనే చోట పంపు విప్పనివ్వొద్దు.